మూఢంలో పాతిన గుంజలు

మూఢం వచ్చిందంటే బహదూర్‌పల్లి గౌరయ్యకు పొద్దు గడవదు. పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు. ఆయన టెంట్ హౌస్‌లో షామియానాలు మడతల్లో నిద్రపోతాయి, వంట గిన్నెలు బోర్లా పడుకుంటాయి, ఆయన మాత్రం గోడౌన్ ముందు కుర్చీ వేసుకుని ఆకాశంలోకి చూస్తూ శుక్రుడెప్పుడు బయటికొస్తాడా అని ఎదురుచూస్తుంటాడు. కానీ ఈసారి మూఢంలో వచ్చిన ఆ ఆదివారం మాత్రం గౌరయ్య తెల్లవారుజామున ఐదింటికే లేచి, స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు. ఆయన పథకం చాలా చిన్నది. ఏడింటికల్లా ఖాళీ జాగాలో ఎనిమిది గుంజలు పాతాలి. ఎనిమిదింటికల్లా సున్నంతో గీత పోయాలి. పదింటికి మొదటి వరసలో కుర్చీ వేసుకుని కూర్చుని, కూతురి ఆట మొదటి నుంచి చివరిదాకా చూడాలి. అంతే.

కూతురి పేరు రోజారాణి. మేడ్చల్‌లో డిగ్రీ చివరి ఏడు చదువుతోంది. మూడేళ్లుగా ఆస్ట్రేలియా ఫుట్‌బాల్ ఆడుతోంది. అంటే మనకు తెలిసిన ఫుట్‌బాల్ కాదు. బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, దాన్ని చేత్తో పట్టుకోవచ్చు, కాలితో తన్నవచ్చు, ఎదుటివాళ్ల భుజాలమీదికి ఎగిరి అందుకోవచ్చు. మైదానం కూడా కోడిగుడ్డు లాగే ఉంటుంది. రెండు కొసల్లో నాలుగేసి గుంజలుంటాయి, నడిమి రెండూ పొడుగు, పక్కవి రెండూ పొట్టి. 'బహదూర్‌పల్లి పులులు' అనే అమ్మాయిల జట్టుకు రోజారాణి కెప్టెను. వాళ్ల ఆటలన్నీ ఆదివారాలే. పెళ్లిళ్లూ ఆదివారాలే, మూఢంలో ఆట పడటం ఇదే మొదటిసారి. అందుకని గౌరయ్య ఈ మూడేళ్లలో కూతురి ఆట ఒక్కటీ చూడలేదు. గెలిచిందో ఓడిందో రాత్రి అన్నం దగ్గర తెలుసుకునేవాడు.

వారం కింద ఆ అన్నం దగ్గరే రోజారాణి అడిగింది.

"నాయినా, ఊరందరి పెండ్లిళ్లకు గుంజలు పాతినవ్. ఒక్కసారి నా ఆటకు పాతు. పాతి పోవుడు గాదు, కూసోని సూడు."

గౌరయ్య చేతిలో ముద్దను పళ్లెంలో పెట్టాడు. "తప్పకుండ సూస్త బిడ్డా" అన్నాడు. మాటైతే ఇచ్చాడు గానీ, ఇచ్చిన మాట తప్పితే మళ్లీ ఆ పిల్ల అడగదని ఆయనకు తెలుసు. అడగని పిల్లలతోనే తండ్రులకు భయం.

పైగా ఇది మామూలు ఆట కాదు. ఏడాదికొకసారి పులులకూ 'దూలపల్లి డేగల'కూ మధ్య జరిగే కప్పు ఆట. రెండేళ్లుగా కప్పు దూలపల్లిదే. ఆ డేగల జట్టును పోషించేవాడు ఇస్తారి, గౌరయ్య భార్య రుక్కమ్మకు సాక్షాత్తూ తమ్ముడు. దూలపల్లిలో సిమెంటు ఇటుకలు పోయిస్తాడు. కప్పును ఇంట్లో టీవీ మీద పెట్టుకున్నాడు. బావమరిది ఇంట్లో టీ తాగాలంటే ఆ కప్పుకు ఎదురుగా కూర్చోవాలి కాబట్టి గౌరయ్య రెండేళ్లుగా అక్కడ టీ తాగడం మానేశాడు. ఈసారి ఆట మొదటిసారి బహదూర్‌పల్లిలో. ఒకటే షరతు, పదింటికల్లా మైదానం సిద్ధంగా లేకపోతే ఆట లేదు, కప్పు అవతలివాళ్లదే.

మైదానం అంటే ఊరి చివర పాత లేఅవుటు. ఇరవై ఏళ్ల కింద ప్లాట్లు చేసి అమ్మారు. కొన్నవాళ్లెవరూ ఇళ్లు కట్టలేదు, హద్దురాళ్లు ఎప్పుడో మాయమయ్యాయి. పిల్లలు క్రికెట్ ఆడుకుంటారు, బర్రెలు మేస్తాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అనరు కాబట్టి, ఎవరినైనా అడగాలన్న సంగతి ఎవరికీ తోచలేదు.

ఏడింటికల్లా ఎనిమిది గుంజలూ లేచాయి. నడుమ రెండు మేకులు కొట్టి, తాడు కట్టి, గౌరయ్య కోడిగుడ్డు గీతను ఎంత అందంగా పోశాడంటే, తానే రెండడుగులు వెనక్కి వేసి మురిసిపోయాడు. అప్పుడొచ్చింది రుక్కమ్మ, చేతిలో పళ్లెంతో. పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, మామిడాకులు.

"ఇది పెండ్లి గాదే, ఆట" అన్నాడు గౌరయ్య.

"ఆటైతేంది? నా బిడ్డ ఆట గాదా? గుంజ పాతినంక బొట్టు పెట్టకుంట ఉంచుతరా ఎవలన్న?"

ముప్పై ఏళ్లలో ఒక్క గుంజనూ బోసిగా వదలని మనిషి గౌరయ్య. కాదనలేకపోయాడు. రుక్కమ్మ ఎనిమిది గుంజలకూ పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, మామిడాకులు కట్టి, మొదటి గుంజ దగ్గర కొబ్బరికాయ కొట్టింది. పుట్టింటి జట్టు మీద గెలవాలని దండం పెట్టేటప్పుడు కాస్త తటపటాయించి, చివరికి కళ్లు గట్టిగా మూసుకుని ఒకే గుక్కలో మొక్కేసింది.

సరిగ్గా ఆ సమయానికి మైదానానికి ఎదురుగా ఉన్న కొత్త కాలనీలో, రెండో అంతస్తు బాల్కనీలో, శ్రీనివాసరావు కాఫీ తాగుతున్నాడు. భీమవరం వైపు మనిషి. జలవనరుల శాఖలో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాడు. ఆ లేఅవుటులో నలభై ఏడో నంబరు ప్లాటు ఆయనది. రోజూ పొద్దున్నే కాఫీతో పాటు దాన్ని ఒకసారి కళ్లారా చూసుకోకపోతే ఆయనకు కాఫీ రుచించదు. ఇవాళ చూస్తే ప్లాటు మీదుగా తెల్లటి గీత. గీత కొసన గుంజలు. గుంజలకు పసుపు కుంకుమలు.

"పార్వతీ! ఒకసారి ఇలా రా. ఎవరో మన ప్లాటులో ముగ్గు పోశారు!"

ఇల్లు కట్టేముందు పునాదికి సున్నంతో గీతలు పోయడాన్నే ఈ చుట్టుపక్కల ముగ్గు పోయడం అంటారు. పార్వతీదేవి చేతులు తుడుచుకుంటూ వచ్చి చూసింది. మొగుడికి తట్టని విషయం ఆమెకు తట్టింది.

"మూఢం కదండీ ఇప్పుడు! మూఢంలో శంకుస్థాపన ఎవరు చేస్తారు? సొంత స్థలమైతే ఎవరైనా మంచి రోజుల దాకా ఆగుతారు. ఆగకుండా చేస్తున్నారంటే..."

"అంటే?"

"అంటే స్థలం వాళ్లది కాదన్నమాట!"

ఇందులో వంక పెట్టడానికి శ్రీనివాసరావుకు ఏమీ కనిపించలేదు. వెంటనే ఫోను తీసి ప్లాటు యజమానుల వాట్సాప్ గ్రూపులో పెట్టాడు: 'అత్యవసరం. మన స్థలంలో మూఢంలో ముగ్గు పోశారు. కొబ్బరికాయ కూడా కొట్టారు. అందరూ కాగితాలతో వెంటనే రాగలరు.' ఆ గ్రూపులో పండగ శుభాకాంక్షలకు కూడా ఎవరూ బదులివ్వరు. అలాంటిది, అరగంటలో గాజులరామారం నుంచి, కొంపల్లి నుంచి, మేడ్చల్ నుంచి బండ్లమీద, కార్లలో జనం దిగారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కో ప్లాస్టిక్ కవరు, కవర్లో రిజిస్ట్రేషను కాగితాలు. దిగినవాళ్లు దిగినట్టు అడుగులతో కొలుచుకుంటూ ఎవరి ప్లాటులో వాళ్లు నిలబడ్డారు. హద్దురాళ్లు లేవు కాబట్టి కొన్ని ప్లాట్లలో ఇద్దరేసి నిలబడ్డారు.

గౌరయ్య తన కుర్చీలు సర్దుకుంటూ ఈ జనాన్ని చూసి పొంగిపోయాడు. ఇంతమంది తన బిడ్డ ఆట చూడటానికి వచ్చారా అని.

మనిషి నిలబడ్డ చోట మాట ఊరుకోదు. గండిమైసమ్మ చౌరస్తా హోటల్లో 'బహదూర్‌పల్లిలో ముగ్గు పోశారట' అన్న కబురు, టీ చల్లారేలోగా 'కొత్త వెంచరు పడిందట'గా మారింది. దాంతో ప్లాట్లు కాపాడుకునేవాళ్ల వెనక, ప్లాట్లు కొనుక్కునేవాళ్లు కూడా వచ్చారు. అందులో ఒక పెద్దమనిషి నేరుగా గౌరయ్య దగ్గరికి వచ్చి మర్యాదగా అడిగాడు.

"తూర్పు దిక్కు ఏమన్న ఖాళీ ఉన్నయా?"

గౌరయ్య కుర్చీల సంగతే అనుకున్నాడు. "తూర్పు దిక్కువి మొత్తం దూలపల్లోళ్లు ముందుగాల్నే చెప్పుకున్నరు సారూ. పడమర దిక్కు సూస్కోండ్రి. జల్దీ పట్టుకోవాలె మరి, జనం మస్తు వస్తున్నరు."

ఆ పెద్దమనిషి పరుగున వెనక్కి వెళ్లాడు. రెండు నిమిషాల్లో మైదానమంతా గుప్పుమంది, తూర్పు ప్లాట్లన్నీ దూలపల్లివాళ్లకు అమ్మేశారని. తూర్పున నిలబడ్డవాళ్లు కాగితాలు పైకెత్తి అరవడం మొదలుపెట్టారు. ఆ గొడవలోనే, గుంజల దగ్గర, నగేష్ తెల్లకోటు తొడుక్కుని రెండు చేతుల్లో రెండు తెల్లజెండాలు పట్టుకుని పైకీ కిందికీ ఊపుతున్నాడు. నగేష్ గౌరయ్య దగ్గర లైట్లు కట్టే మనిషి. ఈ ఆటలో గుంజల వెనక ఒకరు నిలబడి, బంతి ఎటునుంచి పోయిందో చూసి జెండాలు ఊపాలి. ఆ పని ఇవాళ ఈ కొసన అతనిది కాబట్టి పాపం అలవాటు చేసుకుంటున్నాడు.

"అడుగో సర్వేయరు!" అని ఎవరో కేకేశారు.

నలభై మంది నగేష్‌ను చుట్టుముట్టారు. "సర్వే నంబరెంత? ఎవరు పంపిండ్రు నిన్ను? ఆర్డరు సూపియ్!"

"నాకేం ఎరుక లేదు సారూ, బంతి వస్తే జెండ ఊపుమన్నరు!" అన్నాడు నగేష్.

ఈ జవాబు ఎవరికీ నచ్చలేదు. నగేష్ కోటూ జెండాలూ అక్కడే పడేసి, బండెక్కి, ఎటు పోతున్నాడో తనకే తెలియనంత వేగంగా పోయాడు. అతను దొరకని కోపం గుంజల మీదికి మళ్లింది. తలో చెయ్యీ వేసి ఆ కొసనున్న నాలుగింటినీ పీకి పడేశారు. గౌరయ్య పరుగెత్తుకొచ్చేసరికి నాలుగు గుంజలూ నేలమీద ఉన్నాయి. ముప్పై ఏళ్లలో గాలివానకు కూడా ఆయన గుంజ పడలేదు. ఆయన ముఖం చూస్తే ఎవరికైనా జాలేసేది, కానీ చూసే తీరిక ఎవరికీ లేదు.

"అయ్యలారా, ఇది ఆట! మా బిడ్డ ఆట! ఫుట్‌బాలు!" అని మొత్తుకున్నాడు.

"ఫుట్‌బాల్ గ్రౌండు గుండ్రంగా ఉంటుందా?" అన్నాడు శ్రీనివాసరావు, గొడుగుతో నేలను పొడుస్తూ. "ఎనిమిది స్తంభాలెందుకయ్యా? ఏదీ, బంతి చూపించు."

గౌరయ్య సంచిలోంచి బంతి తీసి చూపించాడు. శ్రీనివాసరావు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, పక్కవాళ్లకు చూపించాడు. "చూశారా? గుండ్రంగా లేని బంతితో ఎవరైనా ఆడతారా? అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా!"

అందరూ ఔనన్నారు. అప్పుడే దూలపల్లి నుంచి డీసీఎం చిన్న లారీ దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. డేగల జట్టుతోపాటు ఇస్తారి దిగాడు. దిగీదిగగానే గట్టిగా అడిగాడు.

"బావా! మాకు చెప్పిన తూర్పు దిక్కు ఇదేనా?"

ఇంక చెప్పేదేముంది! సందేహం ఏ మూలనైనా మిగిలి ఉన్నవాళ్లకు అదీ తీరిపోయింది. జనం డీసీఎంను చుట్టుముట్టారు. ఇస్తారికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, తన జట్టును చూసి మూడు వందల మంది అరుస్తున్నారన్న సంగతి మాత్రం బాగా అర్థమైంది. మండిపోయింది ఆయనకు.

"బావా, ఓడిపోతమని భయముంటే ముందుగాల చెప్పాలె! గిట్ల జనాన్ని దెచ్చి బెదిరిపిస్తవా? నాకు మంది లేరా?" అని ఫోను తీశాడు. ఇరవై నిమిషాల్లో దూలపల్లి నుంచి ఇంకో రెండు బండ్ల జనం దిగారు. ఇస్తారి డీసీఎం నీడలో కాలుమీద కాలేసుకుని కూర్చుని, చేతి గడియారం విప్పి మోకాలి మీద పెట్టుకున్నాడు. "పదింటికి ఒక్క నిమిషం దాటినా కప్పు మాదే."

తొమ్మిదీ ఇరవై అయింది. రోజారాణి జట్టుతో వచ్చి, ఈ తిరునాళ్లను చూసి గీత బయటే ఆగిపోయింది. అరవలేదు, ఏడవలేదు. బూట్ల తాళ్లు విప్పడం మొదలుపెట్టింది. అది చూసి గౌరయ్య కూతురి దగ్గరికి పరుగెత్తాడు.

"బూట్లు ఇప్పకు బిడ్డా."

"ఏం జేస్తవ్ నాయినా? గింతమందిని ఎట్ల ఎల్లగొడ్తవ్?"

గౌరయ్య జనాన్ని చూశాడు. తర్వాత ఎండను చూశాడు. శివరాత్రి ఇంకా రాలేదు గానీ, ఎండ అప్పుడే నెత్తి మాడుస్తోంది. మైదానంలో చెట్టన్నది లేదు. గౌరయ్యకు చదువు అంతంతమాత్రమే కానీ, జనం గురించి ఆయనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మైకులో ఎంత మొత్తుకున్నా పెళ్లిలో ఒక్కడు కదలడు. కదిలేది రెండింటికే, తిండికీ నీడకీ.

"ఎల్లగొట్టుడెందుకు బిడ్డా, పిలుద్దాం" అన్నాడు. "నువ్వు, నీ దోస్తులు గోడౌన్‌కు ఉరుకుండ్రి. పెద్ద షామియానలు మూడు, కుర్చీలు ఎన్నుంటే అన్ని. ఏమే రుక్కమ్మా, సల్ల జెయ్యి, పెద్ద డేగిస నిండ!"

ఆటకోసం వేడెక్కాల్సిన పులులు షామియానాలు మోసి వేడెక్కాయి. పావుగంటలో గీతకు అవతల, మైదానం పొడుగునా మూడు షామియానాలు లేచాయి. కింద కుర్చీలు. పక్కన అల్లం, కొత్తిమీర వేసిన సల్ల, అంటే మజ్జిగ. గౌరయ్య ఎవరినీ రమ్మనలేదు. ఒక స్టీలు గ్లాసు నింపుకుని, నీడలో కూర్చుని, చుట్టూ వినిపించేలా ఒక గుటక వేశాడంతే.

మొదట ముప్పై ఒకటో ప్లాటాయన కదిలాడు. తన తువ్వాలు ప్లాటులో పరిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టి, నీడలోకి వచ్చాడు. తర్వాత ఇద్దరు, ఆ తర్వాత పదిమంది. చెప్పులు వదిలి కొందరు, టోపీలు వదిలి కొందరు, తమ తమ ఆస్తులకు కాపలా ఏర్పాటు చేసుకుని ఒక్కొక్కరే వచ్చారు. రోజారాణి జట్టు ఆ చెప్పులనూ తువ్వాళ్లనూ ఎంతో గౌరవంగా ఏరి, గీత బయట అదే వరసలో పెట్టింది. సల్ల పుచ్చుకున్నవాడు మళ్లీ ఎండలోకి పోడని గౌరయ్య నమ్మకం. అది వమ్ము కాలేదు.

ఒక్క శ్రీనివాసరావు మాత్రం కదల్లేదు. గొడుగు వేసుకుని, గుంజల గోతుల మధ్య నిటారుగా నిలబడ్డాడు.

"మజ్జిగకు అమ్ముడుపోయే మనిషిని కాను. నలభై ఏడో నంబరు ఇదే. ఇక్కణ్ణుంచి నన్నెవరూ కదపలేరు."

తొమ్మిదీ నలభై అయిదు. ఆట నడిపించడానికి శామీర్‌పేట నుంచి వచ్చిన అంపైరు అరుణ్ చేతులు నలుపుకుంటున్నాడు. "రోజా, అవతలి కొసకు దూలపల్లి మనిషి ఉన్నడు. ఈ కొసకు జెండాల మనిషి లేకుంటే ఆట స్టార్ట్ జెయ్యలేను."

రోజారాణి గడ్డిలో పడి ఉన్న తెల్లకోటును చూసింది. శ్రీనివాసరావును చూసింది. కోటు దులిపి, దగ్గరికి వెళ్లింది.

"అంకుల్, మీరు కదలకండి. అస్సలు కదలొద్దు. ఈ కోటేస్కోండి చాలు."

"ఎందుకు?"

"ఇది ఏస్కున్నోళ్లను ఆట అయ్యేదాక ఎవ్వలు గూడ అక్కణ్ణించి కదపొద్దు. రూలు."

శ్రీనివాసరావు నివ్వెరపోయాడు. రెండు గంటలుగా ఆయన వెతుకుతున్న రూలు అదే. "నిజమేనా?" అని అరుణ్‌ను అడిగాడు. నిజమేనన్నాడు అరుణ్. అంతటితో వదల్లేదు ఆయన, మిగతా నిబంధనలు కూడా చెప్పమన్నాడు. అరుణ్ చెప్పాడు. పొడుగు గుంజల మధ్య నుంచి బంతి ఏమీ తగలకుండా పోతే ఆరు పాయింట్లు, రెండు జెండాలు. పొడుగు గుంజకూ పొట్టి గుంజకూ మధ్య నుంచి పోతే ఒక్క పాయింటు, ఒక్క జెండా. పొడుగు గుంజకు తగిలినా ఒక్కటే. శ్రీనివాసరావు ఇదంతా తన రిజిస్ట్రేషను కవరు వెనక రాసుకుని, ఒకసారి చదివి వినిపించి, కోటు తొడుక్కున్నాడు. ఇదంతా జరుగుతున్నప్పుడు గౌరయ్య నాలుగు బారల అవతల, చెమటలు కక్కుతూ గునపంతో మళ్లీ గుంజలు పాతుతున్నాడు. ఆయన చెవిన ఒక్క ముక్కా పడలేదు.

మూడు గుంజలు బిగిశాయి. నాలుగోదానికి గొయ్యి వదులైపోయింది. ఎంత రాయి కొట్టినా పొడుగు గుంజ ఊగుతూనే ఉంది. తొమ్మిదీ యాభై తొమ్మిది.

"నేను పట్టుకుంట! మీరు ఆడుండ్రి!" అన్నాడు గౌరయ్య, గుంజను రెండు చేతులా వాటేసుకుని.

గుంజ కదలకుండా ఉంటే తనకేం అభ్యంతరం లేదన్నాడు అరుణ్. ఇస్తారి గడియారం చేతికి కట్టుకున్నాడు. ఈల మోగింది.

కుర్చీలో కూర్చుని చూడాలనుకున్న ఆటను గౌరయ్య గుంజను కావలించుకుని చూశాడు. ఎంత చూసినా తనివి తీరలేదు. తన ఇంట్లో చప్పుడు లేకుండా తిరిగే పిల్లేనా ఇది! ఇద్దరు దూలపల్లి అమ్మాయిల భుజాలమీదుగా గాల్లోకి లేచి బంతిని అందుకుంటే ఆయన గుంజను ఇంకా గట్టిగా వాటేసుకున్నాడు. పడితే లేస్తోంది, లేచి నవ్వుతోంది. ఇన్ని ఆదివారాలు ఎవరెవరి పెళ్లిళ్లలోనో కుర్చీలు లెక్కపెట్టుకుంటూ ఇదంతా పోగొట్టుకున్నానే అని కళ్లు చెమర్చాయి. గుంజ వదలరాదు కాబట్టి భుజానికే తుడుచుకున్నాడు.

ఆయన కూతుర్ని తప్ప ఇంకేమీ చూడలేదు. మధ్య మధ్య శ్రీనివాసరావు జెండాలు ఊపుతుంటే, ప్లాటు గురించి మళ్లీ ఏదో గొడవ పెడుతున్నాడనుకుని అటు తలే తిప్పలేదు. భాగానికోసారి జట్లు కొసలు మార్చుకునే ఈ ఆటలో, మూడో భాగంలో మాత్రం ఒక సంగతి ఆయన కంట పడింది. దూలపల్లి అమ్మాయి తన్నిన బంతి వచ్చి ఠంగుమని ఆయన గుంజకే తగిలింది. తగలగానే పులులన్నీ ఎగిరి గంతేశాయి. రోజారాణి రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. శత్రువులకు ఆరు రావలసిన చోట ఒకటే వచ్చిందని ఆ పిల్లల సంతోషం. గౌరయ్య దాన్ని ఇంకోలా అర్థం చేసుకున్నాడు. గుంజకు కొట్టడం ఎంత గొప్ప విషయం కాకపోతే పగవాళ్లు కూడా చప్పట్లు కొడతారు? అయినా, బంతి తగలడానికి కాకపోతే ఇంత పొడుగు గుంజలు పాతడమెందుకు?

షామియానాల కింద ఈలోగా ప్లాట్ల సంగతి అందరూ మరిచిపోయారు. కూర్చున్న చోటుని బట్టి పడమటివాళ్లు పులులవైపు, తూర్పువాళ్లు డేగలవైపు చేరి గొంతులు చించుకుంటున్నారు. రుక్కమ్మ ఇరుపక్కలకూ సమానంగా సల్ల పోస్తోంది. ఆట చివరి నిమిషానికి వచ్చేసరికి దూలపల్లి నలభై ఒకటి, బహదూర్‌పల్లి ముప్పై తొమ్మిది. బంతి రోజారాణి చేతికి చిక్కింది. గాల్లోనే అందుకుంది కాబట్టి, తీరిగ్గా నిలబడి తన్నే అవకాశం. ఎదురుగా నలభై అడుగుల్లో నాన్న పట్టుకున్న గుంజ.

ఇస్తారి లేచి నిలబడ్డాడు. రోజారాణి నాలుగడుగులు పరుగెత్తి తన్నింది. బంతి పల్టీలు కొడుతూ పైకి లేచి, గుంజల మధ్యకు నేరుగా వస్తోంది. గౌరయ్య మెడ సాచి బంతినే చూశాడు. ఎంత కొలిచి చూసినా ఆ బంతి గుంజకు తగిలేలా లేదు. జానెడు దూరంలో ఉత్తగా దాటిపోయేలా ఉంది. బిడ్డ కష్టమంతా జానెడు దూరంలో పోతోంది! ముప్పై ఏళ్లుగా గుంజ వెంట్రుకవాసి ఒరిగినా ఒప్పుకోని మనిషి, జీవితంలో మొదటిసారి తన చేతులతో ఒక గుంజను వంచాడు.

ఠంగుమంది.

"తగిలింది! తగిలిందిరో! నా బిడ్డ కొట్టింది!" అని గౌరయ్య గుంజ చుట్టూ గిరగిరా తిరిగి గంతులేశాడు. కొంతసేపటికి, తానొక్కడే గంతులేస్తున్నాడని గ్రహించాడు.

శ్రీనివాసరావు గుంజను చూశాడు, గౌరయ్యను చూశాడు, కవరు వెనక రాసుకున్నది ఇంకోసారి చదువుకున్నాడు. వంగిన గుంజ గురించి అందులో ఏమీ లేదు, తగిలితే ఒక్కటే అని ఉంది. బరువుగా ఒక్క జెండా ఎత్తాడు. నలభై. చివరి ఈల మోగింది. దూలపల్లి ఒక్క పాయింటుతో గెలిచింది.

రోజారాణి మెల్లగా నడిచి వచ్చింది.

"గుంజ ఎందుకు ఒంచినవ్ నాయినా?"

"నీకోసమే బిడ్డా. తగలకుంట పోతుండె."

"తగలకుంట పోతెనే ఆరు. తగిల్తే ఒక్కటి."

గౌరయ్య గుంజ పట్టుకునే కిందికి జారి కూలబడ్డాడు. "మూడేండ్లకు ఒక్కసారి అచ్చిన. ఆ ఒక్కసారి నేనే ఓడగొట్టిన. నీ కాడ ఏ మొఖం పెట్టుకోని కూసోవాలె బిడ్డా!"

రోజారాణి ఆయన పక్కనే మట్టిలో కూర్చుంది. ముందు పెదవి వణికింది. ఆ తర్వాత నవ్వు ఆపుకోలేకపోయింది. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది.

"బంతి నా కాలు ఇడిసినప్పటిసంది సూస్తున్నవా నాయినా?"

"కన్నార్పలే బిడ్డా. జానెడు దూరం అని గూడ అందుకే తెల్సింది."

"గంత మంచిగ ఎవ్వలు సూడలే నా ఆటను" అని తల ఆయన భుజానికి ఆనించింది.

ఇస్తారి కప్పు చంకలో పెట్టుకుని వచ్చాడు. గెలిచిన మనిషికి ఉండాల్సిన కళ ఆయన ముఖంలో లేదు. మేనకోడలి మీద ఇలా గెలవడం ఆయనకూ కాస్త సిగ్గుగానే ఉంది. కప్పును రోజారాణి ఒళ్లో పెట్టి, "ఈ ఆర్నెల్లు మీ ఇంట్ల ఉండనీ" అన్నాడు. తర్వాత గౌరయ్య భుజం తట్టాడు. "బావా, వచ్చే ఏడు ఆట మా దూలపల్లిలనే. ఏం బిజీ ఉన్నా సరే, గుంజ పట్టనీకి నువ్వే రావాలె!"

శ్రీనివాసరావు కోటు విప్పనే లేదు. ప్లాటు యజమానులు ఆయన చుట్టూ మూగి, మళ్లీ ఆట ఎప్పుడని అడుగుతున్నారు. ఎంత గట్టిగా అడిగినా ముందు నిబంధనలు సరిగా రాసుకోవాలన్నాడు ఆయన. రాశాడు కూడా. ఆ సాయంత్రమే రెండు క్లబ్బులకూ అందిన ఆ కాగితంలో మొదటి నిబంధన ఇది: క్రీడాకారిణుల తండ్రులు గుంజలకు కనీసం యాభై అడుగుల దూరంలో, చేతులు కట్టుకొని కూర్చోవలెను.